నేను అడగని ఆరు గింజలు

హైదరాబాదు పాతబస్తీ, శాలిబండ నివాసి, కీర్తిశేషుడు మల్లయ్య కుమారుడు, దర్జీ పని చేసుకుని బతికే రాజన్న, వయస్సు అరవై ఎనిమిది సంవత్సరాలు, అనే నేను ఎవరి ఒత్తిడీ, ఎవరి బెదిరింపూ లేకుండా, ఒంట్లో చుక్క కల్లు కూడా లేకుండా చెప్పి రాయించిన వీలునామా ఇది. నా కుడి కన్ను ఆపరేషనుతో బాగైంది. ఎడమ కన్ను మసక. ఇన్నాళ్లూ బుద్ధి కూడా బాగుందనే అనుకున్నాను. కిందటి నెల నుంచి ఆ సంగతి మీద నాకే అనుమానంగా ఉంది. ఇట్లా రాస్తే వీలునామా చెల్లదని లేఖరి సదాశివ పెన్ను కింద పెట్టేశాడు. అందుకని సరిచేసి చెబుతున్నాను: ఇవాళ నా బుద్ధి బాగుంది. ఏడాది కిందట బాగాలేదు.

కిందటేడు మార్చి నెలలో నా కొడుకు అంజన్న, కోడలు చంద్రమ్మ విడాకులు తీసుకున్నప్పుడు వాళ్ల ఆస్తినీ అప్పులనూ పంచింది నేనే. ఆ పంపకం తప్పు. అది స్టాంపు కాగితం మీదికెక్కి కోర్టులో దాఖలైంది కాబట్టి దాన్ని కొట్టేసే అధికారం నాకు లేదు. నా సొంత ఆస్తి మీద మాత్రం నాకు పూర్తి అధికారం ఉంది. దానితో ఆ తప్పును దిద్దడానికే ఈ కాగితం.

1. ఈ వీలునామాను అమలు చేయవలసిన బాధ్యత మా గల్లీ చివర దుకాణం ఉన్న దర్జీ భిక్షపతికి అప్పగిస్తున్నాను. ఈ పేరు చెప్పగానే సదాశివ రెండుసార్లు అడిగాడు, ఏ భిక్షపతి అని. ముప్పై ఏళ్లుగా నేను “గోనెసంచుల దర్జీ” అని నలుగురిలో ఎగతాళి చేసిన భిక్షపతే. ఎందుకో నాలుగో అంశంలో తెలుస్తుంది.

2. నా ఆస్తి వివరం. శాలిబండలో ఉన్న ఇల్లు: రోడ్డు వైపు మల్గి ఒకటి, అందులోనే నా దుకాణం; దాని వెనుక రెండు గదులు. ఇది నా కష్టార్జితం, 1956లో కొన్నది, ఇందులో తాతల వాటా ఏమీ లేదు. పోస్టాఫీసులో రెండు వేల తొమ్మిది వందల రూపాయలు. కుట్టు మిషను ఒకటి, పెద్ద కత్తెర ఒకటి, ఇస్త్రీ పెట్టె, నా భార్య బుచ్చమ్మ వదిలిపోయిన ఇత్తడి బిందె. ఒక బొంత. బొంతను కూడా ఆస్తిలో రాస్తారా అని సదాశివ అడిగాడు. రాయమన్నాను.

3. పంపకం ఎట్లా జరిగిందో చెప్పాలి. లేకపోతే తరువాతి అంశాలు ఎవరికీ అర్థం కావు.

మా దర్జీల పంచాయతీలో అన్నదమ్ములు విడిపోయినా, ఆలుమగలు విడిపోయినా పంచడానికి నన్నే పిలుస్తారు. నలభై ఏళ్లు పంచాను. మా పద్ధతి ఇది. వస్తువులను రెండు కుప్పలు వేస్తాం. ఒక్కో అప్పుకు ఒక్కో చింతగింజ ముందర పెడతాం. గింజను ఏదో ఒక కుప్ప మీదికి జరిపే ముందు పంచేవాడు అందరికీ వినబడేటట్టు అడగాలి: “ఈ గింజ ఏం కొన్నది?” అప్పు చేసినవాళ్లు పసుపుకొమ్ము మీద చెయ్యి పెట్టి నిజం చెప్పాలి. అప్పుతో కొన్న వస్తువు ఎవరి కుప్పలో ఉంటే ఆ గింజ కూడా ఆ కుప్పలోకే పోతుంది. అంతే. ఏ వకీలు కూడా ఇంతకంటే బాగా పంచలేడని నేను ఎన్నిసార్లు గొప్పలు చెప్పుకున్నానో లెక్కలేదు.

అంజన్న బస్సు డిపోలో మెకానిక్కు. రెండేళ్లు అటూ ఇటూ తిరిగి చివరికి జల్‌పల్లిలో రాజమణి అనే ఆమెతో కాపురం పెట్టాడు. చంద్రమ్మ ఏడ్చింది గాని లొల్లి చేయలేదు. ఇద్దరూ ఒప్పుకుని కోర్టుకు పోయారు. పంపకం మాత్రం పంచాయతీలో జరగాలని ఇద్దరూ అన్నారు. సొంత ఇంటి పంపకం నువ్వు చేయకు, ఇంకొకరిని కూర్చోబెడదామని పెద్దలు నాకు చెప్పారు. “నాకన్న న్యాయంగ ఎవడు పంచుతడు?” అని వాళ్ల మీదికే లేచాను.

అంజన్న కుప్పలో జల్‌పల్లి ప్లాటు కాగితం, స్కూటరు, ఇనుప బీరువా. చంద్రమ్మ కుప్పలో ఆమె కుట్టు మిషను, వెండి పట్టీలు, గిన్నెలు. ప్లాటు అంజన్న జీతంతో కొన్నదని నేనే తీర్మానించాను. తరువాత అప్పులెన్ని అని అడిగాను. “ఆరున్నయి మామా” అంది చంద్రమ్మ. చాప మీద ఆరు గింజలు పెట్టాను. నేను నోరు తెరిచేలోపే ఆమె చెయ్యి చాపి ఆరింటినీ తన వైపుకు లాక్కుంది. “ఇవన్ని నావే” అంది.

పెద్దలందరూ ఉలిక్కిపడ్డారు. ఆస్తి కోసం కొట్టుకునేవాళ్లను చూశాం గాని, అప్పులన్నీ నాకే కావాలనే మనిషిని మేం ఎన్నడూ చూడలేదు. అప్పుడు నేను అడగాలి. ఆరుసార్లు అడగాలి. నలభై ఏళ్లలో ఎవరింట్లోనూ అడగకుండా విడిచిపెట్టలేదు. నా ఇంట్లో అడగలేదు. ఆమె తమ్ముడి కోసం చేసిన అప్పులని నా మనసులో ఎప్పుడో ఖాయం చేసుకున్నాను. అడిగితే పుట్టింటి కథ నలుగురిలో వినాల్సి వస్తుంది, నా పరువు పోతుంది. అందుకని పసుపుకొమ్ము పక్కకు నెట్టి, “పుట్టింటికి పెట్టిన అప్పు పుట్టింటికే మోసుకపో” అన్నాను. ఆమె నా మొఖం దిక్కు ఒక్కసారి చూసి, గింజలు కొంగుకు ముడి వేసుకుంది. నా కొడుకు తల వంచుకుని చాప పుల్లలు పీకుతూ కూర్చున్నాడు. సిగ్గుతో అనుకున్నాను. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. ఇంత సాఫీగా అయిందని ఆ సాయంత్రం సంతోషపడ్డాను కూడా. థూ, నా బతుకు.

4. నిజం ఎట్లా బయటపడిందో ఇప్పుడు చెబుతాను. 

కిందటి నెల ఒక పెద్దమనిషి పాత షేర్వాణీ తెచ్చాడు, నడుము దగ్గర వదులు చేయాలని. 1978లో నా దగ్గరే కుట్టించాడట. “క్యా కటింగ్ థీ మాస్టర్, అబ్బీ తక్ లోగాఁ పూఛ్తే” అన్నాడు. ఆ కటింగ్ ఎవరిదని ఇప్పటికీ జనం అడుగుతున్నారంటే ఏ దర్జీ మురిసిపోడు? మురిసిపోతూ లోపలి అస్తరు విప్పాను. కుట్టు లోపల రెండు వేళ్ల బట్ట వదిలి ఉంది. నేను ఒక్క వేలు వదులుతాను. రెండు వేళ్లు వదిలేవాడు ఈ శాలిబండలో భిక్షపతి ఒక్కడే. కాలరు కింద నా గుర్తు, ఎర్రదారం అడ్డకుట్టు, ఉండనే ఉంది. నేను కుడి నుంచి ఎడమకు వేస్తాను. అది ఎడమ నుంచి కుడికి ఉంది. నా ఇంట్లో ఎడమచేత్తో సూది పట్టే మనిషి చంద్రమ్మ ఒక్కతే. ఆ పెద్దమనిషి ఎప్పుడు వెళ్లిపోయాడో కూడా నాకు తెలియదు.

అప్పటికప్పుడే భిక్షపతి దుకాణానికి పోయాను. ముప్పై ఏళ్లలో ఆ గడప తొక్కడం అదే మొదలు. నాకేమీ తెలియదన్నాడు. నేను లేవకుండా కూర్చున్నాను. చాయ్ తెప్పించాడు. అది చల్లారిపోయింది. చివరికి చెప్పాడు. “నువ్వు ముందు ముక్కలు రెండూ కుడి దిక్కుకే కోసినవ్ రా రాజన్నా. నీ కోడలు మూట పట్టుకొని ఏడ్చుకుంట వచ్చింది. గిట్లయిందని మామకు తెలిస్తే బతకడన్నది. నేనేం జెయ్యాలె మరి?”

ఒకటి కాదు, నాలుగు బట్టలు. 1976 నుంచి, కంట్లో పొర ముదురుతున్న ఆ మూడేళ్లలో నేను నాలుగు ఖరీదైన బట్టలు పాడు చేశాను. మసక ఉందని నాకు తెలుసు. చేతికి కన్నుతో పనేముందని నా పొగరు. మా దుకాణంలో కోసేవాడిని నేను, మిషను మీద కుట్టేది చంద్రమ్మ. తప్పు ఆమె చేతికే ముందు దొరికేది. చూసి, నాతో చెప్పకుండా, పత్తర్‌గట్టీలో మొయిజుద్దీన్ సాబ్ దుకాణంలో అదే బట్ట ఉద్దెర తెచ్చి, భిక్షపతితో కోయించి, తాను కుట్టి, నా గుర్తు తానే వేసి, “వాళ్లకు తొందరుండె, ఇచ్చేసిన మామా” అనేది. నేను సరేననేవాడిని. ఆ రోజుల్లోనే నేను భిక్షపతిని చూసి ఉమ్మేసి నడిచేవాడిని. అతడు ఒక్కరికి కూడా చెప్పలేదు.

ఇంటికి వచ్చి మంచం మీది బొంత తీసి వెలుతురులో పరిచాను. మిగులు ముక్కలతో కుట్టిన బొంత అని చంద్రమ్మ ఇచ్చింది. బాదం రంగు ఉన్ని, నల్ల మఖ్మల్, గీతల పట్టు, గోధుమ రంగు ఉన్ని. నేను పాడు చేసిన నాలుగు షేర్వాణీలు. మూడు చలికాలాలు ఆ బొంత కిందనే వెచ్చగా పడుకున్నాను. ఆ రోజు దాని మీద చెయ్యి వేయడానికి కూడా భయమేసింది.

మరునాడు మొయిజుద్దీన్ సాబ్ దగ్గరికి పోయాను. ఆయన లెక్కల పుస్తకం తీసి చదివి వినిపించాడు. అప్పు చేసింది చంద్రమ్మ. పూచీ ఉన్నది అంజన్న. సంతకం నాకు చూపించాడు. నా కొడుకు సంతకం నేను గుర్తుపట్టనా? అంటే పంచాయతీలో నేను ఆమెను పుట్టింటి మాట అన్నప్పుడు, చాప పుల్లలు పీకుతున్న నా కొడుకుకు అన్నీ తెలుసు. మిగతా అప్పులు ఎక్కడివో కూడా అడుగుతూ తిరిగాను.

మిగతా రెండు గింజల సంగతి చిట్టీ నడిపే సుగుణమ్మ చెప్పింది. ఒకటి నా కంటి ఆపరేషను. “సర్కారు క్యాంపుల ఫ్రీగ జేస్తున్నరు మామా” అని చంద్రమ్మ నన్ను తీసుకుపోయింది. పైసా ఖర్చు లేకుండా కన్ను వచ్చిందని గల్లీ అంతా చెప్పుకుని తిరిగాను. ఆరు వందలయిందట. ఇంకొకటి జల్‌పల్లి ప్లాటుకు ముందుగా కట్టిన బయానా. పదిహేను వందలు. ఒక్క గింజను అడగనిస్తే మిగతావి కూడా అడగాలి, అందుకే దాన్నీ ఆమె లాక్కుంది. ప్లాటు ఒక కుప్పలో, దాని అప్పు ఇంకో కుప్పలో! నా చేతులతో నేనే పెట్టాను. వేరే ఎవరైనా ఇట్లా పంచి ఉంటే వాడిని పంచాయతీ గడప ఎక్కనిచ్చేవాడిని కాదు.

5. కావున నా అప్పుల గురించి ఇందుమూలంగా ప్రకటిస్తున్నది ఏమనగా: మొయిజుద్దీన్ సాబ్ పుస్తకంలో చంద్రమ్మ పేరున ఉన్న నాలుగు బట్టల అప్పు పదహారు వందల యాభై రూపాయలు, సుగుణమ్మ దగ్గర తెచ్చిన ఆపరేషను అప్పు ఆరు వందల రూపాయలు, మొత్తం రెండు వేల రెండు వందల యాభై రూపాయలు నా అప్పు. నా కోసం, నా తప్పు వల్ల చేసినది. నేను పోయిన తరువాత పోస్టాఫీసు డబ్బులోంచి అన్నిటికంటే ముందు ఇది తీర్చాలి. ఇందులో చంద్రమ్మ తన రెక్కల కష్టంతో ఇప్పటిదాకా ఎంత కట్టిందో అంత ఆమె చేతికి, మిగిలింది అప్పిచ్చినవాళ్లకు ఇవ్వాలి. నా కాష్ఠం ఖర్చు ఆ తరువాతే. డబ్బు చాలకపోతే కట్టెలు తక్కువ వేయండి.

బతికి ఉండగానే ఎందుకు తీర్చలేదని అడిగేవాళ్లకు జవాబు. డబ్బు పట్టుకుని పోయాను. అలియాబాద్‌లో ఆమె అద్దెకుంటున్న గదిలో, నడుము వంచి డజన్ల లెక్కన లంగాలు కుడుతోంది. నాకు అన్నీ తెలిసిపోయినాయని చెప్పాను. ఆమె మొఖం తెల్లబోయింది. “గవి నావే మామా. నలుగుర్ల నావని తీసుకున్న. మళ్ల మార్సుడు ఉండదు” అంది. ఎందుకు దాచినవని గట్టిగానే అరిచాను. “కత్తెర ఇడిసిన నాడు నేను సచ్చినట్టే అని నువ్వే అంటివి గదా. అత్తమ్మ పోయిన పదో నాడు అంటివి. మరి నేనేం జెయ్యాలె?” అంది. అన్నాను. నిజమే. ఏదో ఏడుపులో అన్న మాట. ఆమె దాన్ని నిజమని పట్టుకుంది. అక్కడే కూర్చుని పసివాడిలాగా ఏడ్చాను.

ఆమె డబ్బు ముట్టుకోలేదు. మాట్లాడుతూనే, అలవాటుగా, సూదులకు దారం ఎక్కిస్తూ కూర్చుంది. నా ఇంట్లో ఉన్న పదకొండేళ్లూ పొద్దున్నే ఇరవై సూదులకు దారం ఎక్కించి దూది కూరిన నా సూదుల గద్దెకు గుచ్చి పెట్టేది, ఎక్కించమని నేను నోరు విడిచి అడగకుండా. లేచేటప్పుడు చూస్తే నా చేతిలో ఆమె పెట్టిన సూదుల గద్దె ఉంది. లెక్కపెట్టాను. ఇరవై.

6. రోడ్డు వైపు మల్గిని, అందులోని నా కుట్టు మిషనును, ఇస్త్రీ పెట్టెను, అప్పులు తీర్చి నా కాష్ఠం ఖర్చు పోగా పోస్టాఫీసులో మిగిలిన డబ్బును, మల్లేశు కుమార్తె చంద్రమ్మకు సర్వహక్కులతో ఇస్తున్నాను. అమ్ముకోవచ్చు, అద్దెకిచ్చుకోవచ్చు, దుకాణం పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే బోర్డు మీద నా పేరు ఉంచవద్దు. 1976 తరువాత ఆ పేరు నిలబెట్టింది ఆమే కాబట్టి ఆమె పేరే రాయించాలి. విడాకులైన కోడలికి మల్గి ఏమిటని ఎవరైనా దావా వేస్తే, ఈ కాగితం నాలుగో అంశం కోర్టులో గట్టిగా చదివి వినిపించండి.

7. వెనుక గదులు రెండూ నా కొడుకు అంజన్నకు ఇస్తున్నాను, ఒక షరతు మీద. జల్‌పల్లి ప్లాటు బయానా అప్పు పదిహేను వందలు అతడిది. నేను పోయిన ఆరు నెలల లోపల సుగుణమ్మకు బాకీ ఉన్నదీ, చంద్రమ్మ కట్టినదీ లెక్క చూసి ఇచ్చేయాలి. ఇవ్వకపోతే గదులు కూడా చంద్రమ్మవే. నాన్న పగ తీర్చుకున్నాడని అనుకోకు అంజన్నా. ఇంకో పెళ్లాన్ని తెచ్చుకున్నందుకు నీ మీద కోపం వచ్చింది, తగ్గింది కూడా. నోరు మూసుకుని కూర్చున్నందుకు వచ్చిన కోపం తగ్గడం లేదు. ఒక్క మాట అంటే సరిపోయేది. “నాన్నా, అడుగు” అంటే సరిపోయేది. నన్ను అడిగితే, నేను కూడా ఒక్క మాట అడగలేదు కాబట్టి, నీకంటే నేనే పెద్ద దొంగను.

బొంత కూడా నీకే. నాతో పాటు కాల్చవద్దు, ఎవరికీ దానం చేయవద్దు. చలికాలం దాన్నే కప్పుకో.

8. రాజమణికి బుచ్చమ్మ ఇత్తడి బిందె. ఈ పంపకంలో ఆమె తప్పేమీ లేదు. రెండుసార్లు నా ఇంటికి వస్తే ఆమెకు నీళ్లు కూడా ఇవ్వలేదు. అందుకని బిందె.

9. పెద్ద కత్తెర భిక్షపతికి. కటింగ్ చేయడానికి నాకంటే అతడే తగినవాడని ఒప్పుకుంటున్నాను. ఈ వాక్యం రాయించడానికి నాకు అరగంట పట్టింది. కుట్టులో రెండు వేళ్ల బట్ట వదలడం మాత్రం దుబారానే, అందులో నా అభిప్రాయం మారలేదు.

10. నా పదకొండో నాడు, పంచాయతీ జరిగిన చోటనే, ఆ రోజు కూర్చున్న పెద్దలనే భిక్షపతి కూర్చోబెట్టాలి. అంజన్న రావాలి. చంద్రమ్మను పిలవాలి గాని ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగరాదు. చాప మీద ఆరు గింజలు పెట్టి, ఒక్కో గింజ ముందు నేను అడగవలసిన మాట భిక్షపతి అడగాలి: “ఈ గింజ ఏం కొన్నది?” నాలుగు గింజలకు జవాబు: రాజన్న పరువు. అయిదో గింజకు: రాజన్న కుడి కన్ను. ఆరో గింజకు: అంజన్న ప్లాటు. అయిదు నా ఫోటో ముందుకు, ఒకటి నా కొడుకు ముందుకు జరపాలి. చంద్రమ్మ ముందు ఏమీ ఉండకూడదు.

ఆమె కాదంటుంది. నాకు తెలుసు. చెయ్యి చాపి మళ్లీ లాక్కోబోతుంది. అప్పుడు ఆమెకు ఈ మాట చదివి వినిపించండి. చంద్రమ్మా, బతికున్న మామ మాట నువ్వు కాదన్నావు, ఊరుకున్నాను. చచ్చినవాడి అప్పు వాడి ఆస్తిలోంచే తీరాలట, విడాకులు తీసుకున్న కోడలికి దాన్ని మోసే హక్కు ఏ చట్టంలోనూ లేదట. సదాశివను మూడుసార్లు అడిగి తెలుసుకున్నాను. ఆ విడాకుల కాగితం వల్ల నాకు జరిగిన మేలు ఇదొక్కటే. చెయ్యి తియ్యి బిడ్డా.

ఇది నాకు చదివి వినిపించగా విని, సరిగా ఉన్నదని ఒప్పుకుని, 1982వ సంవత్సరం మే నెల 14వ తేదీ శుక్రవారం, శాలిబండలోని నా మల్గిలో, సాక్షుల ఎదుట సంతకం చేశాను. సంతకం పక్కన కాగితం మీద ఎర్రదారంతో అడ్డకుట్టు వేసి ఉన్నది. కుడి నుంచి ఎడమకు వేశాను, నా గుర్తే. సూదికి దారం మాత్రం చంద్రమ్మ ఎక్కించినది.

(సంతకం) రాజన్న, దర్జీ

సాక్షులు:
1. గోపాలకృష్ణ, రిటైర్డు పోస్టల్ గుమాస్తా, శాలిబండ
2. లీలమ్మ, పక్కింటి నివాసి, శాలిబండ

రాసినది: సదాశివ, దస్తావేజు లేఖరి. రాయవద్దన్నవన్నీ కూడా చెప్పినట్టే రాశాను.